పిడికెడు పెంకులు

రేవులంక గుడికి అన్నీ ఉన్నాయి. ఓడ మీద వచ్చిన గంట ఉంది. దాని మోత గోదావరి అవతలి గట్టుకి కూడా వినబడుతుంది. బర్మా టేకుతో చేసిన ప్రసంగ వేదిక ఉంది. పొద్దుటి ఎండ పడితే నేల మీద ఎరుపూ నీలమూ పరిచే రంగు అద్దాల కిటికీలున్నాయి. కలరా సోకి ఇక్కడే కన్నుమూసిన దొరల పేర్లు చెక్కిన పాలరాతి పలక ఉంది. నూరేళ్ళ పైచిలుకు కిందట ఆ గుడి కట్టిన మిషనరీ దొరలు మనిషి ఆత్మకి కావలసిందేదీ మరిచిపోలేదు. ఆ ఆత్మని మోసుకొచ్చే ఒంటికి కూడా కొన్ని అవసరాలుంటాయన్న సంగతి మాత్రం వాళ్ళకి తట్టలేదు. గుడి ఆవరణలో మరుగుదొడ్డి లేదు.

మగవాళ్ళకి ఇది పెద్ద ఇబ్బంది కాలేదు. వాళ్ళకి కాలవగట్టు ఉంది, కాలవగట్టుకి వెనకవైపు ఉంది, సిగ్గన్నది వాళ్ళకి ఎప్పుడూ అడ్డం రాలేదు. ఆడవాళ్ళకి గుడి వెనక సరుగుడు తోట ఉండేది. ఆ తోట కొట్టేసి ఎవరో ఫంక్షన్ హాలు కట్టారు. హాలు గోడకి నాలుగు మూలలా కెమెరాలు బిగించారు. అప్పట్నించీ సంఘంలో ఆడవాళ్ళు ఆదివారం పొద్దున్న కాఫీ మానేశారు. కొందరు మంచినీళ్ళు మానేశారు. లేయమ్మ గుడికి రావడమే మానేసింది.

లేయమ్మకి చక్కెర జబ్బు. ఆవిడ ఆరాధనలో గంటసేపు కదలకుండా కూర్చోలేదు. కానీ లేయమ్మ లేకపోతే రేవులంక గుళ్ళో పాట లేదు. ఆవిడ కీర్తన ఎత్తుకుంటే వెనక వరసలో కునికే ముసలాళ్ళు కూడా లేచి కూర్చునేవారు. ఆవిడ మానేశాక ఆ పని ఒక కీబోర్డుకి అప్పగించారు. అది సిలువ పాటకీ పెళ్ళి పాటకీ ఒకటే దరువు వేసేది.

స్త్రీల సమాజం అధ్యక్షురాలు సువార్తమ్మకి లేయమ్మ చిన్ననాటి స్నేహితురాలు. సువార్తమ్మ మిషన్ ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. డాక్టర్లచేత కూడా చెప్పులు బయట విప్పించిన మనిషి. ఒకనాడు ఆవిడ లేయమ్మ ఇంటికి వెళ్ళి, "క్రిస్మస్‌కైనా రావే. నీ గొంతు విని ఎన్నాళ్ళయిందో" అంది.

"ఎలా వత్తానక్కా?" అంది లేయమ్మ. "సగం పాటలో లేచి, చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఎక్కడికి పరిగెత్తను? ఆ కెమెరాల ముందుకా? దేవుడికి ఇంట్లోంచే వినబడతాన్లే."

సువార్తమ్మకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిరిగినందుకు కోపం వచ్చింది. కోపం వస్తే ఆవిడ ఊరికే ఉండలేదు.

"ఈ క్రిస్మస్‌కి నువ్వు గుళ్ళోనే పాడతావు. మాటిస్తున్నాను" అని చెప్పి, తిన్నగా పాస్టరు యేసుపాదంగారి దగ్గరికి నడిచింది.

యేసుపాదం అయ్యగారు మెత్తని మనిషి. "మంచి ఆలోచనమ్మా. ప్రార్థనలో పెడదాం" అన్నారు.

"నేను పెట్టి చాలాకాలమైందండి అయ్యగారూ. ఇంక తవ్విద్దాం" అంది సువార్తమ్మ.

గుడి వెనక, పాత నేరేడు మొద్దు పక్కన ముగ్గు పోశారు. వానలు వెనకబట్టగానే మేస్త్రి సింహాద్రి గడ్డపార పట్టుకొచ్చాడు. అతని వెనకే చక్రధర్ అనే ఆయన కూడా వచ్చాడు. ఆయన్ని ఎవరూ పిలవలేదు, కానీ రావడం ఆయన ఉద్యోగం.

చారిత్రక కట్టడాల పరిసర పర్యవేక్షణ మండలి అని ఒకటుంది. నూరేళ్ళు దాటిన ఏ కట్టడం ఆవరణలోనైనా ఎవరైనా నేల తవ్వితే, తవ్వుతున్నంతసేపూ మండలి మనిషి పక్కన నిలబడి చూడాలని దాని నియమం. చరిత్ర గడ్డపార పాలు కాకూడదన్నది మండలి ఉద్దేశం. ఆ ఉద్దేశంలో వంక పెట్టడానికేమీ లేదు. చక్రధర్ గొడుగు టోపీ, మడత కుర్చీ, పళ్ళు తోముకునే బ్రష్షులాంటి బ్రష్షులు ఒక సంచీడు తెచ్చుకున్నాడు. వినయంగా అందరికీ నమస్కారం పెట్టాడు.

"నన్ను లేనట్టే భావించండి" అన్నాడు కుర్చీ వేసుకుంటూ.

సింహాద్రి గడ్డపార దింపాడు. కింద ఏదో పటుక్కుమంది.

"ఆగండి!" అని అరిచాడు చక్రధర్. ఆ క్షణం నుంచీ ఆయన్ని లేనట్టు భావించడం ఎవరి వల్లా కాలేదు.

ఆయన గోతిలోకి దిగి, ఎర్రటి ముక్క ఒకదాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి, బ్రష్షుతో దులిపి, వెలుతురుకి పట్టి చూశాడు.

"మానవ కార్యకలాప సూచకమైన మృణ్మయ శకలం" అన్నాడు.

"కుండపెంకండి" అన్నాడు సింహాద్రి.

"తొందరపడి నిర్ధారణకు రావద్దు."

సువార్తమ్మ వంగి చూసింది. చూడగానే గుర్తుపట్టింది. "ఇవి పిడికెడు బియ్యం ముంతలండి బాబూ" అంది.

చక్రధర్ అర్థం కానట్టు చూస్తే ఆవిడ విడమరిచి చెప్పింది. రేవులంకలో ప్రతి ఇంటా పొయ్యి పక్కన ఒక చిన్న ముంత ఉండేది. అన్నానికి ఎసరు పెట్టినప్పుడల్లా ఇంటి ఇల్లాలు ఒక పిడికెడు బియ్యం తీసి ముందు అందులో వేసేది. ఆదివారం ఆ ముంత గుడికి తెచ్చి బల్ల దగ్గర గంపలో వంపేది. ఆ బియ్యం లేనివాళ్ళ ఇళ్ళకి వెళ్ళేది. తరవాత స్టీలు డబ్బాలొచ్చాయి. దేవుడి బియ్యం పోసిన ముంతని ఇంట్లో ఇంకో పనికి వాడటానికి ఎవరికీ చేతులు రాలేదు. అందుకని ఒక ఆదివారం ఆడవాళ్ళందరూ తమ ముంతలు తెచ్చి ఈ నేరేడు చెట్టు కిందే గొయ్యి తీసి పూడ్చేశారు.

"మీరు చెప్పింది మౌఖిక సమాచారం. మండలి దాన్ని ఎంతో గౌరవిస్తుంది" అన్నాడు చక్రధర్. "అయితే గౌరవించడం వేరు, పరిగణనలోకి తీసుకోవడం వేరు."

"సమాచారం ఏంటండీ? నా ముంత నేనే ఇక్కడ పడేశాను. నా చేత్తో."

చక్రధర్ జాలిగా నవ్వాడు. "ప్రత్యక్ష సాక్షులతో పరిశోధనకి అదే చిక్కండి. అధ్యయనానికి చోటు లేకుండా చేసేస్తారు."

పని ఆగిపోయింది. గడ్డపార చరిత్రకి ప్రమాదకరం గనక ఇకనుంచీ తానే బ్రష్షుతో తవ్వుతానన్నాడు చక్రధర్. ఇక్కడ ఒక పేచీ వచ్చింది. తవ్వేవాణ్ణి మండలి మనిషి ఒకడు చూస్తూ ఉండాలి కదా. చక్రధర్ తవ్వుతుంటే చక్రధర్‌ని ఎవరు చూడాలి? ఆయన నిజాయితీ గల ఉద్యోగి. తన మీద తానే ఫిర్యాదు లాంటి నివేదిక రాసి పంపుకున్నాడు. దాంతో కుండల నిపుణురాలు హైమవతి వచ్చింది. ఆవిడ పైన నిలబడి చూసింది. అయితే చక్రధర్ అందించిన పెంకుల్ని ఆవిడ ఎత్తి పళ్ళెంలో పెట్టాల్సి వచ్చింది. ఎత్తడం కూడా తవ్వకంలో భాగమేనని మండలి తేల్చింది. అందుకని హైమవతిని చూడటానికి ఇద్దరు వచ్చారు. వాళ్ళు కుర్చీలు వేసుకోవడంలో కాస్త నేల గీసుకుంది. వాళ్ళని చూడటానికి మరో ఇద్దరు వచ్చారు. పోలేరమ్మ జాతరలో కోడిపందెం చుట్టూ చేరినట్టు, రెండు బారలైనా లేని గోతి చుట్టూ మండలి అంతా కుర్చీల్లో కూర్చుంది. మేస్త్రి సింహాద్రి గడ్డపార భుజాన వేసుకుని వేరే పనికి వెళ్ళిపోయాడు.

హైమవతి వయసు మళ్ళుతున్న మనిషి, తక్కువ మాట్లాడుతుంది. వచ్చిన రోజే సువార్తమ్మని పక్కకి పిలిచి, గొంతు తగ్గించి, "అమ్మా, ఇక్కడ ఆడవాళ్ళకి ఏదైనా గది ఉందా?" అని అడిగింది.

"లేదనే కదండీ ఈ గొయ్యి" అంది సువార్తమ్మ.

హైమవతి చేతిలో ఉన్న నీళ్ళ సీసా తాగకుండానే మళ్ళీ సంచిలో పెట్టేసుకుంది. సువార్తమ్మ నర్సు గనక అది చూసింది.

ఆ వారం శనివారం వచ్చింది. రేవులంకలో శనివారం అంటే స్త్రీల సమాజం గుడి శుభ్రం చేసే రోజు. చీపుళ్ళు, బకెట్లు, చింతపండు, బూడిద పట్టుకుని ఆడవాళ్ళు వస్తారు. నేల కడుగుతారు, బల్లలు తుడుస్తారు, ఇత్తడి దీపస్తంభాలు తోముతారు. ఆవరణలో ఎండుటాకు కూడా మిగలనివ్వరు. మండలి వాళ్ళు భోజనానికి బస్టాండు హోటలుకి వెళ్ళారు. గోతిలో మట్టి పట్టిన పెంకులు చిందరవందరగా పడి ఉన్నాయి. పక్కన రంగు రంగుల చిన్న జెండాలు గుచ్చి ఉన్నాయి.

సువార్తమ్మ ఆ గోతిలోకి తొంగి చూసి, కొంగు బొడ్లో దోపుకుంది. "పాపం, పెద్ద చదువులు చదివినవాళ్ళు. శుభ్రం చేసుకోవడం ఎవరూ నేర్పినట్టు లేదు" అంది.

మండలి వాళ్ళు తిరిగొచ్చేసరికి గొయ్యి అలికి ఉంది. పెంకులన్నీ చింతపండుతో తోమి, కడిగి, ఎండలో ఆరబెట్టి, పెద్దవి కిందా చిన్నవి పైనా వరసగా పేర్చి ఉన్నాయి. జెండాలు ఉతికి తీగ మీద ఆరేసి ఉన్నాయి. ఒక మూల ఎవరో ముగ్గు కూడా వేశారు.

చక్రధర్ కుర్చీలో కూలబడ్డాడు. "కడిగేశారా?" అన్నాడు.

"ఫర్వాలేదండి, మాకిదేం కష్టం కాదు" అంది సువార్తమ్మ.

సోమవారానికి మండలి ఉపాధ్యక్షులు పరాంకుశంగారే స్వయంగా కారులో దిగారు. కండువా, కళ్ళజోడు, వెనక ఫైలు మోసే మనిషి. గోతిని మూడు వైపుల నుంచీ పరికించి, గొంతు సవరించుకున్నారు.

"క్షేత్రమందలి స్తరక్రమమునకు తీవ్ర విఘాతము కలిగించబడినది" అన్నారు.

"ఆయన ఏమంటున్నారు?" అని అయ్యగారు సువార్తమ్మని గుసగుసగా అడిగారు.

"ఎక్కడ పెంకు అక్కడ ఉండకుండా చేశామట" అంది ఆవిడ.

పరాంకుశంగారు చాలాసేపు ఆలోచించి ఉత్తర్వు చెప్పారు. "కడగబడిన శకలములు యథాస్థానమందు పునఃస్థాపించబడవలెను. పిమ్మట అవి నియమానుసారముగా మరల వెలికితీయబడవలెను."

"అంటే తీసినవి మళ్ళీ పూడ్చి, పూడ్చినవి మళ్ళీ తీస్తారా అండి?" అంది సువార్తమ్మ.

"పూడ్చుట కాదమ్మా. పునఃస్థాపన" అన్నారు ఆయన నొచ్చుకుంటూ.

ఏ పెంకు ఎక్కడ ఉండేదో తీసినవాళ్ళకే తెలియాలి గనక ఆ పని స్త్రీల సమాజానికే అప్పగించారు. సిబ్బంది కానివాళ్ళు గోతిలో దిగకూడదు గనక అందరికీ నీలం రిబ్బను కట్టిన బిళ్ళలిచ్చారు. వాటి మీద 'పునఃస్థాపన సహాయకురాలు' అని అచ్చు వేసి ఉంది. ఆడవాళ్ళు మెడలో బిళ్ళలు వేసుకుని గోతిలో చతికిలబడ్డారు. "ఇది ఇక్కడిది కాదే, ఆ మూలది" "నీకేం తెలుసు, నేనే తీశాను దాన్ని" అని పెంకు పెంకుకీ ఓ తగాదా. మొత్తానికి అన్నీ పూడ్చారు. ఆ మర్నాటి నుంచీ చక్రధర్ వాటిని బ్రష్షుతో తీసి, ప్రతిదానికీ కొత్తగా ఆశ్చర్యపోయాడు. అది నటన కాదు. ఆయనకి తన పని మీద అంత ప్రేమ.

సువార్తమ్మకి మాత్రం నవ్వు రాలేదు. క్రిస్మస్‌కి ముందొచ్చే అడ్వెంటు ఆదివారాలు మొదలైపోయాయి. లేయమ్మకి మాటిచ్చింది. మరుగుదొడ్డికి గొయ్యి తీద్దామంటే ఆ గోతికే ఇప్పుడు కాపలా. ఆవిడ ఆలోచించి ఆలోచించి, ఒకరోజు కొబ్బరిబోండాల గెల ఒకటి గుడికి దింపించింది.

ఆ రోజు పరాంకుశంగారు తనిఖీకి వచ్చారు. సువార్తమ్మ ఎదురెళ్ళి బోండాం అందించింది. "ఎండన పడి వచ్చారు, పుచ్చుకోండి." ఆయన పుచ్చుకున్నారు. "లేత బోండాం, ఇంకోటి." కాదంటే బాగుండదని అదీ పుచ్చుకున్నారు. "మా సంఘం తరఫున ఒకటి, అయ్యగారి తరఫున ఒకటి." కొబ్బరినీళ్ళు ఒంటికి ఎంత మేలో, ఎంత త్వరగా మేలు చేస్తాయో హెడ్ నర్సుకి ఒకరు చెప్పాలా?

కాసేపటికి పరాంకుశంగారు స్తరాల గురించి మాట్లాడటం ఆపేశారు. తరవాత నిలబడటం ఆపి అటూ ఇటూ నడవటం మొదలుపెట్టారు. చివరికి చక్రధర్ చెవిలో ఏదో అడిగారు. చక్రధర్ కాలవగట్టు చూపించాడు. గట్టు పొడుగునా పెద్దసారుని చూద్దామని వచ్చిన జనం నిలబడి, ఆయన అటు తిరగగానే చేతులెత్తి దండాలు పెట్టారు. పరాంకుశంగారు దండానికి ప్రతిదండం పెట్టి, కారెక్కి, కారుని ఎంత వేగంగా పోనిస్తే అంత వేగంగా పోనివ్వమన్నారు.

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. పర్యవేక్షణ సిబ్బంది సౌకర్యార్థం ఆవరణలో తాత్కాలిక మరుగుదొడ్డి వెంటనే కట్టాలి. పర్యవేక్షణకు అవసరమైన కట్టడాలకు పర్యవేక్షణ అవసరం లేదు. పర్యవేక్షణ ముగిసిన రోజున దాన్ని పడగొట్టాలి.

జేసీబీ వచ్చింది. చక్రధర్ బ్రష్షు తిప్పుతున్న గోతికి పక్కనే పెద్ద బకెట్టుతో సర్రున నేల చీల్చింది. బకెట్టు ఎత్తినప్పుడల్లా ఎర్రటి పెంకులు గుట్టలు గుట్టలుగా కిందికి జారాయి. గోతి చుట్టూ కూర్చున్న మండలిలో ఒక్కరూ తల తిప్పలేదు.

"అవి పెంకులు కావా అండీ?" అని అడిగింది సువార్తమ్మ.

"పర్యవేక్షణలో దొరకలేదు కదండీ" అన్నాడు చక్రధర్ బ్రష్షు ఆపకుండా. "అంచేత అవి దొరకనట్టే."

వారం తిరక్కుండా మరుగుదొడ్డి లేచింది. నీలం పలకలు, కుళాయి, లోపల గొళ్ళెం, పైన ట్యాంకు. తలుపు మీద 'పర్యవేక్షణ సిబ్బందికి మాత్రమే' అని రాశారు. సువార్తమ్మ మెడలోని బిళ్ళ సవరించుకుని, తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి, కుళాయి తిప్పి చూసి, మళ్ళీ బయటికి వచ్చింది. ఎవరూ అడ్డం చెప్పలేదు. అడ్డం చెప్పడానికి వీల్లేదు కూడా, ఆవిడ సిబ్బంది.

కానీ లేయమ్మకి బిళ్ళ లేదు. పునఃస్థాపన నాడు ఆవిడ ఇంట్లోనే ఉండిపోయింది. అన్ని గంటలు గోతిలో కూర్చోవడం ఆవిడ వల్ల అయ్యే పనా? ఇంకో బిళ్ళ ఇప్పించమని సువార్తమ్మ అడిగితే, పునఃస్థాపనలో పాల్గొన్నవారికే ఇస్తామన్నాడు చక్రధర్. ఇంకో పునఃస్థాపన ఎప్పుడంటే, ఇంకో విఘాతం జరిగినప్పుడన్నాడు. దేవుడి దయ వల్ల అలాంటిది మళ్ళీ జరగదని కూడా అన్నాడు.

శనివారం వచ్చింది. మండలి భోజనానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి పెంకులన్నీ చింతపండు మెరుపుతో ఎండలో వరసగా ఉన్నాయి.

"మళ్ళీ కడిగారా!" అన్నాడు చక్రధర్ ఏడుపు గొంతుతో.

"ఏం చేస్తామండి, శనివారం కదా" అంది సువార్తమ్మ. పక్కనే హైమవతి ముఖం అటు తిప్పుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రెండో పునఃస్థాపనకి లేయమ్మ వచ్చింది. కొత్త మరుగుదొడ్డిని చుట్టూ తిరిగి చూసి, తలుపు గొళ్ళెం రెండుసార్లు వేసి తీసి, గోతిలో దిగింది. పెంకులు అందుకుంటూ అందుకుంటూ ఒక దాని దగ్గర ఆగిపోయింది. అది ముంత మెడ ముక్క. దాని మీద మేకుతో గీసిన చేప బొమ్మ ఉంది.

"అక్కా, ఇది మా అమ్మది" అంది లేయమ్మ. "ఎవరి ముంత ఏదో తెలియడానికి అందరూ గుర్తులు పెట్టుకునేవారు కదా. మా అమ్మ చేప గీసింది."

"మత్స్య చిహ్నం!" అన్నాడు చక్రధర్ పై నుంచి. "సముద్ర వాణిజ్యం చేసిన ఏదో రాజవంశపు లాంఛనం!"

"మా నాన్న గోదాట్లో వల వేసేవోడండి" అంది లేయమ్మ. ఆ పెంకు చెంపకి ఆనించుకుంది. "మాకే తిండి లేని రోజుల్లో కూడా మా అమ్మ ముందు ఇందులో వేసేది. నేను ఏడిస్తే, 'మనకంటే లేనోళ్ళున్నారే' అనేది." తరవాత దాన్ని చెప్పిన చోట పెట్టి, మట్టి కప్పింది. సువార్తమ్మ ఆ పక్కకి చూడలేకపోయింది. లేచి చూస్తే హైమవతి కళ్ళజోడు తీసి తుడుచుకుంటోంది.

లేయమ్మ మెడలో నీలం రిబ్బను పడింది. ఇంకేం, మాట నిలబడిందనుకుంది సువార్తమ్మ.

అలా అనుకున్న కొద్దిరోజులకే పరాంకుశంగారు అందర్నీ సమావేశపరిచారు. గోతి అడుగున అక్షత స్తరం తగిలిందట. అంటే మనిషి చెయ్యి ఎన్నడూ పడని మట్టి. దాని కింద ఇంకేమీ ఉండదు గనక పర్యవేక్షణ పరిపూర్ణమైనట్టే. క్రిస్మస్ వారంలోనే మండలి సెలవు పుచ్చుకుంటుంది.

"మరి ఆ గది?" అంది సువార్తమ్మ, నీలం పలకల కేసి చూపిస్తూ.

"తాత్కాలిక కట్టడము. పడగొట్టబడును" అన్నారు పరాంకుశంగారు.

"పోనీ, మా గది మేం కట్టుకోవచ్చా?"

"అసంభవము. ఇంతటి విశిష్ట శకలములు లభించిన నేలలో ఇకపై ఎన్నడూ ఎట్టి తవ్వకమూ అనుమతించబడదు. ఇది మీ గుడికి దక్కిన గౌరవము." ఆయన నవ్వుతూ చేయి చాచారు. అయ్యగారు మెత్తగా ఆ చేయి పట్టుకుని ఊపారు.

సువార్తమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఆ సాయంత్రం స్త్రీల సమాజం కూడిక పెట్టింది. లేయమ్మ మూల బెంచీ మీద కూర్చుని మెడలోని బిళ్ళ తీసి చేతిలో పట్టుకుంది. "పోన్లే అక్కా. నువ్వు చేసినంత ఎవరు చేత్తారు?" అంది. ఆ మాట సువార్తమ్మని తిట్టినదానికంటే ఎక్కువ బాధపెట్టింది.

కిటికీలోంచి చూస్తే జేసీబీ పారబోసిన గుట్ట కనబడుతోంది. దొరికినా దొరకనట్టే అని మండలి వదిలేసిన పెంకులు కొండంత ఉన్నాయి. సువార్తమ్మ చాలాసేపు వాటికేసి చూసింది.

"మన అమ్మలు ఎసరు పెట్టినప్పుడల్లా ఏం చేసేవారు?" అని అడిగింది చివరికి.

"పిడికెడు తీసి పక్కన పెట్టేవారు" అన్నారు అందరూ.

"రేపు శనివారం. అందరూ గుట్ట దగ్గరికి రండి. మనిషికి పిడికెడు."

"అది అబద్ధం కాదంటావా?" అంది లేయమ్మ భయంగా.

"పునఃస్థాపన" అంది సువార్తమ్మ. "మన ముంతలు మన గోతిలోనే, ఇంకాస్త లోతుగా, మళ్ళీ పెడతాం. దానికి మనకి మండలి వాళ్ళే బిళ్ళలిచ్చారు."

సోమవారం పొద్దున్న చక్రధర్ గోతిలోంచి వేసిన కేక ఫంక్షన్ హాలు దాకా వినబడింది. అక్షత స్తరం కింద పెంకులు! పరాంకుశంగారు పరుగున వచ్చారు. మనిషి చెయ్యి పడని మట్టికి కింద మనిషి చేసిన కుండలెలా వచ్చాయన్న ప్రశ్న ఇంకెవర్నైనా తికమక పెట్టేది. ఆయన్ని పెట్టలేదు.

"ఈ నేల ఏర్పడక పూర్వమే ఇచట నాగరికత వర్ధిల్లినదన్న అద్భుత సత్యము నేడు వెల్లడైనది" అన్నారు గద్గద స్వరంతో. "శకలములు లభించునంత కాలము పర్యవేక్షణ నిరవధికముగా పొడిగించబడినది."

క్రిస్మస్ నాడు గుడి కిటకిటలాడింది. పరాంకుశంగారు ముఖ్య అతిథిగా ముందు వరసలో కూర్చున్నారు. కీబోర్డు గుడ్డ కప్పుకుని మూల నిలబడింది. లేయమ్మ తెల్లచీర మీద నీలం రిబ్బను బిళ్ళతో లేచి నిలబడి, కీర్తన ఎత్తుకుంది. ఆ గొంతు టేకు దూలాలదాకా వెళ్ళి, రంగు అద్దాల్లోంచి పడే ఎండలోకి దిగింది. సువార్తమ్మ ఏడ్చింది, ఏడుస్తున్నానని దాచుకోలేదు. మూడో చరణం కాగానే లేయమ్మ సంఘానికి చేత్తో 'మీరు అందుకోండి' అన్నట్టు సైగ చేసి, తాపీగా, పరుగు లేకుండా, పక్క తలుపులోంచి బయటికి వెళ్ళింది. సంఘం పల్లవి పాడుతూ ఉంది. చివరి చరణానికి ఆవిడ చెమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి నిలబడి, ఆపిన చోటే మళ్ళీ ఎత్తుకుంది.

ఆరాధన అయ్యాక అందరూ కేకు ముక్కలు తింటుంటే, హైమవతి సువార్తమ్మని గోతి దగ్గరికి పిలిచింది. చేతిలో అక్షత స్తరం కింద దొరికిన పెంకు ఉంది. దాన్ని వెలుతురుకి పట్టి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"చింతపండు వాసన వస్తోందమ్మా" అంది.

సువార్తమ్మ గబుక్కున చక్రధర్ ఎక్కడున్నాడో చూసింది. నిజమే. గుట్టలోంచి తీసిన పెంకులు మట్టిగా ఉంటే, వాటిని అలాగే గోతిలో వేయడానికి ఒక్కరికీ మనసొప్పలేదు. అందరూ శుభ్రంగా తోమి మరీ పూడ్చారు.

హైమవతి నీళ్ళ సీసా మూత తీసి, కడుపునిండా తాగింది. "నా ఉద్యోగం మొదలైనప్పట్నించీ ఎన్ని ఊళ్ళలో గోతుల పక్కన నిలబడ్డానో" అంది. "గొళ్ళెం పడే తలుపున్నది ఈ ఒక్క చోటే." పెంకుని సువార్తమ్మ చేతిలో పెట్టి, గొంతు తగ్గించింది. "వచ్చే శనివారం కడక్కుండా వేయండి. నేను ఊరుకుంటాను గానీ, చక్రధర్‌గారికి ఇప్పుడు జలుబు చేసింది కదా, అది తగ్గితే ముక్కు బాగా పనిచేస్తుంది."

సువార్తమ్మ ఇంటికి వెళ్ళింది. పెరట్లో పళ్ళెంలో వచ్చే శనివారానికని తోమి ఆరబెట్టుకున్న పెంకులు తళతళలాడుతున్నాయి. ఆవిడ వాటి ముందు చతికిలబడింది. తరవాత ప్రభువుని క్షమించమని అడిగి, చెంబుతో నీళ్ళు తెచ్చి, మట్టి కలిపి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి శుభ్రంగా ఉన్నవాటికి చేజేతులా బురద పూసింది.